ఉప్పు పొట్లం, గూడ్సు వాగను, మీ పుస్తకం: మూడింటికీ కాపలా ఒకే లెక్క

నౌపడ జంక్షను ప్లాట్‌ఫారం మీద మీరు నిలబడి ఉన్నారనుకోండి. ఒక పక్క హౌరా నుంచి చెన్నై పోయే పెద్ద లైను. మరో పక్క టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే లైను. ఊరి చుట్టూ ఉప్పు మళ్లు, ఎండకు తెల్లగా మెరిసే ఉప్పు రాశులు. మీ చేతిసంచిలో రెండు వస్తువులున్నాయి. ఒకటి దుకాణంలో కొన్న ఉప్పు పొట్లం. రెండవది చదువుకోవడానికి తెచ్చుకున్న పుస్తకం. ఎదురుగా పట్టాల మీద ఒక గూడ్సు బండి ఆగి ఉన్నది.

బండి కదిలేలోగా ఈ మూడింటినీ కొంచెం శ్రద్ధగా చూడండి. ఉప్పు పొట్లం వెనక సన్నవీ లావువీ నల్లగీతలు, వాటి కింద 13 అంకెలు ఉన్నాయి. పుస్తకం వెనక అట్ట మీద కూడా అలాంటి గీతలే, 13 అంకెలే. వాగను పక్కన తెల్లరంగుతో రాసిన 11 అంకెలు ఉన్నాయి. ఉప్పుకూ, పుస్తకానికీ, ఇనుప వాగనుకూ ఏమిటి సంబంధం? ఏమీ లేదు అంటారు మీరు. కాని ఒక సంబంధం ఉన్నది. మూడింటిలోనూ చివరి అంకె ఒక కాపలాదారు. మిగిలిన అంకెలలో ఎక్కడైనా తప్పు దొర్లితే అది పట్టి ఇస్తుంది. పట్టే పద్ధతి కూడా మూడింటిలోనూ ఒకటే!

ఇదెలాగో తెలుసుకోవాలంటే ముందు పుస్తకం కథ వినాలి.

పేరు చెబితే చాలదా?

ప్రతి పుస్తకానికీ పేరు ఉంటుంది గదా, మళ్లీ ఈ సంఖ్య ఎందుకు? మంచి ప్రశ్నే.

ఒక బడిని ఊహించుకోండి. లైబ్రరీకి ఈ ఏడాది నలభై పుస్తకాలు కొనడానికి డబ్బు వచ్చింది. మళ్లీ డబ్బు వచ్చేది వచ్చే ఏడాదే. లెక్కల మాస్టారు హైదరాబాదులోని ఒక దుకాణానికి ఫోను చేసి, "పదవ తరగతి గణితం అభ్యాస పుస్తకం నలభై ప్రతులు పంపండి" అన్నారు. వారం రోజులకు కట్ట వచ్చింది. విప్పి చూస్తే పేరు అదే, కాని ప్రచురణకర్త వేరు. పైగా పాత పాఠ్యప్రణాళిక. పొరపాటు ఎవరిది? మాస్టారు చెప్పిన పేరు సరైనదే. దుకాణం వారు పంపిన పుస్తకానికీ ఆ పేరే ఉన్నది. తిప్పి పంపితే రవాణా ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? కొత్త కట్ట వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి. నష్టపోయింది నలభై మంది పిల్లలు.

పుస్తకాల పేర్లతో ఇదే చిక్కు. ఒకే పేరుతో పది పుస్తకాలుండవచ్చు. ఒకే పుస్తకానికి గట్టి అట్ట ప్రతి ఒకటి, మెత్తని అట్ట ప్రతి ఒకటి ఉండవచ్చు. మొదటి ముద్రణ, మార్పులు చేసిన రెండవ ముద్రణ ఉండవచ్చు. అనువాదాలు ఉండవచ్చు. వీటిలో మనకు కావలసినది ఏదో స్పష్టంగా చెప్పాలంటే ప్రపంచంలో మరి దేనికీ లేని గుర్తు ఒకటి కావాలి. ఆ గుర్తే అంతర్జాతీయ ప్రామాణిక పుస్తక సంఖ్య. ఇంగ్లీషులో దాని పొట్టి పేరు ఐ.ఎస్.బి.ఎన్.

గిడ్డంగిలో పుట్టిన సంఖ్య

1960లలో బ్రిటనులో డబ్ల్యు. హెచ్. స్మిత్ అనే పెద్ద పుస్తక వ్యాపార సంస్థ ఉండేది. ఇప్పటికీ ఆ పేరు అందరికీ తెలుసు. ఆ సంస్థవారు తమ గిడ్డంగి లెక్కలన్నీ కంప్యూటరుకు అప్పగించాలనుకున్నారు. కంప్యూటరుకు పేరు కన్నా సంఖ్య సులువు. అందుకని 1965లో పుస్తకాలకు సంఖ్యలివ్వడం ఎలాగా అన్న ఆలోచన మొదలయింది. డబ్లిన్ నగరంలోని ట్రినిటీ కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పే గోర్డన్ ఫోస్టర్ అనే ఆచార్యుణ్ణి సలహా అడిగారు. ఆయన 1966లో తొమ్మిది అంకెల పద్ధతి ఒకటి తయారు చేసి ఇచ్చాడు. 1967 నుంచి బ్రిటనులో అది వాడుకలోకి వచ్చింది.

ఒక్క సంస్థకే పనికి వచ్చే సంఖ్య అయితే ఇంత కథ ఉండేది కాదు. మిగిలిన దేశాలకూ అది నచ్చింది. 1970లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దానిని ప్రపంచానికంతటికీ ప్రమాణంగా చేసింది. అప్పుడు తొమ్మిది అంకెలు పది అయినాయి. ఇంగ్లీషు పుస్తకాల పాత సంఖ్యలకు ముందు ఒక సున్న చేర్చారు, అంతే!

అందరికీ ఒకే ప్రమాణం ఎందుకు కావాలో నౌపడవారికి వేరే చెప్పనక్కరలేదు. 1900 సంవత్సరంలో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు. దాని పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. పెద్ద లైను పట్టాల మధ్య దూరం అయిదున్నర అడుగులు. చిన్నరైలు వాగను పెద్ద లైను మీదికి ఎక్కదు. సరుకేదైనా నౌపడలో దించి, మళ్లీ ఎక్కించవలసిందే. 2004లో ఆ చిన్నరైలు ఆగిపోయింది. పట్టాలు వెడల్పు చేశాక 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద బండ్లు తిరగసాగాయి. ఇప్పుడు దించి ఎక్కించే పని లేదు. పుస్తకాలకు ఒక్కొక్క దుకాణం ఒక్కొక్క నెంబరు ఇచ్చుకున్న రోజులు ఆ పాత నౌపడ జంక్షను వంటివే. ఒకరి లెక్క మరొకరికి చేరాలంటే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి.

సంఖ్యను విప్పి చూద్దాం

డాక్టర్ ఎ. పి. జె. అబ్దుల్ కలాంగారి ఆత్మకథ 'వింగ్స్ ఆఫ్ ఫైర్' పేరు మీరు వినే ఉంటారు. అరుణ్ తివారీగారితో కలిసి రాసిన ఆ పుస్తకాన్ని 1999లో హైదరాబాదులోని యూనివర్సిటీస్ ప్రెస్ వారు ప్రచురించారు. దాని సంఖ్య ఇది:

81-7371-146-1

మధ్యలో గీతలు చూశారా? అవి సంఖ్యను నాలుగు ముక్కలుగా చేస్తాయి.

మొదటి ముక్క 81. ఇది భారతదేశం గుర్తు. ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు 0, 1 ఇచ్చారు. ఫ్రెంచికి 2, జర్మనుకు 3, జపానుకు 4, చైనాకు 7. మన దేశానికి మొదట 81 ఇచ్చారు. పుస్తకాలు పెరిగి అది చాలకపోయేసరికి 93 కూడా ఇచ్చారు. ఈ గుర్తు భాషను చెప్పదని గమనించండి. తెలుగు పుస్తకమైనా, ఒడియా పుస్తకమైనా, మన దేశంలో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకమైనా అదే గుర్తు.

రెండవ ముక్క 7371. ఇది ప్రచురణకర్త గుర్తు. యూనివర్సిటీస్ ప్రెస్ వారిదన్నమాట.

మూడవ ముక్క 146. ఆ ప్రచురణకర్త వేసిన పుస్తకాలలో ఇది ఏదో చెప్పే గుర్తు.

నాలుగవ ముక్క 1. అదే మన కాపలాదారు. దీనిని తనిఖీ అంకె అందాం.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. మొత్తం పది అంకెలే గదా. దేశానికి రెండు, తనిఖీకి ఒకటి పోతే మిగిలేవి ఏడు. ఆ ఏడింటినీ ప్రచురణకర్త, పుస్తకం పంచుకోవాలి. ప్రచురణకర్త గుర్తు నాలుగు అంకెలయితే పుస్తకానికి మూడు మిగులుతాయి. అంటే 000 నుంచి 999 వరకు వెయ్యి పుస్తకాలు. నేషనల్ బుక్ ట్రస్టు వంటి పెద్ద సంస్థ వందలూ వేలూ పుస్తకాలు వేస్తుంది. అందుకని దానికి 237 అని మూడంకెల గుర్తు ఇచ్చారు. దానికి నాలుగు అంకెలు మిగిలి, పదివేల పుస్తకాలకు చోటు దొరికింది. ఎప్పుడో ఒకటి రెండు పుస్తకాలు వేసేవారికి పొడుగాటి గుర్తు ఇస్తారు. పెద్ద కుటుంబానికి పెద్ద ఇల్లు, చిన్న కుటుంబానికి చిన్న ఇల్లు!

కాపలాదారు ఎలా పని చేస్తుంది?

కాగితం, పెన్సిలు తీసుకోండి. పది అంకెలనూ వరుసగా రాయండి. మొదటి అంకెను 10తో, రెండవ అంకెను 9తో, మూడవ దానిని 8తో, ఇలా తగ్గిస్తూ చివరి అంకెను 1తో గుణించండి.

8×10 = 80
1×9 = 9
7×8 = 56
3×7 = 21
7×6 = 42
1×5 = 5
1×4 = 4
4×3 = 12
6×2 = 12
1×1 = 1

అన్నీ కూడితే 242. దీనిని 11తో భాగించండి. సరిగ్గా 22 సార్లు పోయింది, శేషం సున్న. సంఖ్య సరైనదే!

ఇప్పుడు కావాలనే ఒక తప్పు చేద్దాం. 7371ని తొందరలో 7311 అని రాశామనుకోండి. 7×6 = 42 ఉన్నచోట 1×6 = 6 వచ్చింది. మొత్తం 206 అయింది. 11తో భాగిస్తే శేషం 8. దొంగ దొరికాడు!

ఇంకో తప్పు చేద్దాం. మనం తరచు చేసే తప్పు ఇదే. పక్కపక్క అంకెలు తారుమారు చేయడం. 146ను 416 అని రాశాం. అంకెలు అవే కాబట్టి ఊరికే కూడితే తేడా తెలియదు. కాని ఇక్కడ ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క బరువు ఉన్నది. 4×4 = 16, 1×3 = 3. మొత్తం 245 అయింది. 11తో భాగిస్తే శేషం 3. మళ్లీ దొరికాడు!

మరి 11నే ఎందుకు ఎంచుకున్నారు? 10 అయితే సులువు గదా? ఆలోచించండి. ఒక అంకె తప్పు పడితే మొత్తంలో వచ్చే తేడా ఎంత? అంకెల మధ్య తేడాను ఆ స్థానం బరువుతో గుణిస్తే వచ్చినంత. మన ఉదాహరణలో 7కూ 1కీ తేడా 6, బరువు 6, కాబట్టి 36. ఆ తేడా 11కు గుణిజమయితేనే తప్పు దొరకకుండా తప్పించుకుంటుంది. కాని 11 ప్రధాన సంఖ్య. రెండు సంఖ్యల లబ్ధం 11తో భాగింపబడాలంటే వాటిలో ఒకటైనా 11తో భాగింపబడాలి. అంకెల తేడా ఎప్పుడూ 9కి మించదు. బరువు 10కి మించదు. అందుకని తప్పించుకోవడం అసాధ్యం! తారుమారు సంగతీ ఇంతే. అక్కడ తేడా, రెండు అంకెల తేడాను రెండు బరువుల తేడాతో గుణించినంత. అదీ 11తో భాగింపబడదు.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం వచ్చింది. 11తో భాగిస్తే శేషాలు 0 నుంచి 10 దాకా వస్తాయి. అందుచేత తనిఖీ అంకె ఒక్కొక్కసారి 10 కావలసి వస్తుంది. ఒక్క అంకె చోటులో 10 ఎలా రాయడం? రోమను అంకెలలో పదికి 'ఎక్స్' అక్షరం గదా, దానినే రాశారు. పాత పుస్తకాల మీద సంఖ్య చివర ఆ అక్షరం కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి!

పది పదమూడు అయినాయి

2007 జనవరి 1 నుంచి పుస్తక సంఖ్యకు 13 అంకెలు అయినాయి. కారణాలు రెండు. పది అంకెల సంఖ్యలు కొన్ని వర్గాలలో చాలకుండా పోతున్నాయి. రెండవది, దుకాణాలలో వస్తువుల మీద వేసే నల్లగీతల సంఖ్యకు అప్పటికే 13 అంకెలు ఉన్నాయి. పుస్తకానికీ అదే ఉంటే ఒకే యంత్రం సబ్బునూ చదువుతుంది, పుస్తకాన్నీ చదువుతుంది.

ఆ నల్లగీతల సంఖ్యలో మొదటి మూడు అంకెలు సాధారణంగా దేశాన్ని చెబుతాయి. మన దేశంలో నమోదైన సంస్థల వస్తువులకు అది 890. మీ ఉప్పు పొట్లం మీద చూడండి. పుస్తకాలకు మాత్రం ఏ దేశానిదైనా 978 ఇచ్చారు. అది చాలకపోతే వాడుకోవడానికి 979 కూడా ఉన్నది. పుస్తకాలన్నీ ఒక ఊహా దేశంలో పుడతాయన్నమాట!

కాని సంఖ్యకు ముందు 978 తగిలించి ఊరుకుంటే సరిపోదు. వస్తువుల లెక్కలో తనిఖీ పద్ధతి వేరు. బరువులు 10, 9, 8 కావు. వరుసగా 1, 3, 1, 3 మాత్రమే. అంటే బేసి స్థానాల అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా, సరి స్థానాల అంకెలను మూడు రెట్లు చేసి కూడాలి. మొత్తం 10తో భాగింపబడాలి.

కలాంగారి పుస్తకాన్నే మళ్లీ చూద్దాం. తనిఖీ అంకె తీసేసి 978 చేరిస్తే 9 7 8 8 1 7 3 7 1 1 4 6.

బేసి స్థానాలవి: 9+8+1+3+1+4 = 26
సరి స్థానాలవి: 7+8+7+7+1+6 = 36; మూడు రెట్లు 108
మొత్తం 134

134 తరువాత వచ్చే పదుల సంఖ్య 140. దానికి ఇంకా 6 కావాలి. కాబట్టి కొత్త తనిఖీ అంకె 6. సంఖ్య 978-81-7371-146-6. పాత సంఖ్య చివర 1, కొత్త సంఖ్య చివర 6. పుస్తకం ఒకటే, కాపలాదారు మారాడు.

ఈ కొత్త కాపలాదారు పాతవాడంత గట్టివాడా? కాదు! ఒక్క అంకె తప్పయితే తప్పక పట్టేస్తాడు. కాని పక్కపక్క అంకెలు తారుమారయినప్పుడు ఒక్కొక్కసారి కన్ను మూస్తాడు. 16ను 61 అని రాశారనుకోండి. బరువులు 1, 3 అయితే 1×1 + 6×3 = 19. తారుమారయ్యాక 6×1 + 1×3 = 9. తేడా 10. మొత్తం మళ్లీ 10తో భాగింపబడుతుంది. తప్పు జారిపోయింది! పక్కపక్క అంకెల మధ్య తేడా 5 అయినప్పుడల్లా ఇదే జరుగుతుంది.

మరి తెలిసి తెలిసి ఎందుకు ఒప్పుకున్నారు? అంకెలను తారుమారు చేసేది మనిషి చేయి. నల్లగీతలను చదివే యంత్రం అలా చేయదు. ఎక్కువ పుస్తకాలను యంత్రమే చదువుతుంది. పైగా 'ఎక్స్' గొడవ లేదు. ఒక మేలు కోసం ఒక లోటును సహించారు. సాంకేతిక శాస్త్రంలో ఇలాంటి బేరాలు చాలా కనిపిస్తాయి.

గూడ్సు బండి ఇంకా కదలలేదు గదా?

అయితే వాగను మీద 11 అంకెలు చదువుదాం. మన రైల్వేలలో వాగను సంఖ్యలో మొదటి రెండు అంకెలు వాగను రకాన్ని చెబుతాయి. తరువాతి రెండు అది ఏ రైల్వేకు చెందినదో, ఆ తరువాతి రెండు ఏ సంవత్సరంలో తయారయిందో చెబుతాయి. తరువాత నాలుగు అంకెల వరుస సంఖ్య. చివరిది తనిఖీ అంకె.

లెక్క కోసం మనమే ఒక సంఖ్య కల్పిద్దాం: 31 12 09 4275. సరి స్థానాల అంకెలు 1, 2, 9, 2, 5. కూడితే 19, మూడు రెట్లు 57. బేసి స్థానాల అంకెలు 3, 1, 0, 4, 7. కూడితే 15. మొత్తం 72. తరువాతి పదుల సంఖ్య 80. కాబట్టి తనిఖీ అంకె 8. పుస్తకం లెక్కే! ఉప్పు పొట్లం లెక్కే!

అన్ని సంకేతాలకూ ఇలాంటి కాపలా ఉండదు. నౌపడ స్టేషనుకు రైల్వేవారి గుర్తు ఎన్.డబ్ల్యు.పి. అనే మూడు అక్షరాలు. అందులో తనిఖీ అక్షరం లేదు. ఒక అక్షరం తప్పు కొడితే టిక్కెట్టు మరో ఊరికి రావచ్చు. 1972 ఆగస్టు 15న మొదలయిన తపాలా పిన్‌కోడులోనూ తనిఖీ అంకె లేదు. శ్రీకాకుళం జిల్లా పిన్‌కోడు 532తో మొదలవుతుంది. పొరపాటున 523 అని రాస్తే ఉత్తరం ప్రకాశం జిల్లా దారి పడుతుంది. అక్కడి పోస్టుమాను చిరునామా చదివి తిప్పి పంపవలసిందే.

పత్రికల సంగతి వేరు

మీ చేతిలో ఉన్నటువంటి పత్రిక ప్రతి నెలా వస్తుంది. ప్రతి సంచికకూ కొత్త సంఖ్య ఇవ్వాలంటే ఎన్ని సంఖ్యలు కావాలి! అందుకని పత్రికలకు వేరే పద్ధతి పెట్టారు. దాని పొట్టి పేరు ఐ.ఎస్.ఎస్.ఎన్. 1975లో అది అంతర్జాతీయ ప్రమాణమయింది. పారిస్ నగరంలో దానికి కేంద్రం ఉన్నది. మన దేశంలో ఈ సంఖ్యలను ఢిల్లీలోని కేంద్రం ఇస్తుంది.

గుణుపురం బండిని తలచుకోండి. ఈరోజు పోయిన బండికీ రేపు పోయే బండికీ నెంబరు ఒకటే. ఏ రోజు బండి అని చెప్పాలంటే తేదీ చెప్పాలి. పత్రికా అంతే. పత్రిక మొత్తానికి ఒకే సంఖ్య. ఏ సంచిక అని చెప్పాలంటే నెల, సంవత్సరం చెప్పాలి.

ఈ సంఖ్యలో ఎనిమిది అంకెలు, మధ్యలో ఒక గీత ఉంటాయి. ఇంగ్లండులో వెలువడే ప్రసిద్ధ విజ్ఞాన పత్రిక 'నేచర్' సంఖ్య 0028-0836. దీని తనిఖీకి పాత 11 పద్ధతే. బరువులు 8 నుంచి 1 వరకు. 2×6 = 12, 8×5 = 40, 8×3 = 24, 3×2 = 6, 6×1 = 6. సున్నలను వదిలేద్దాం. మొత్తం 88. అంటే 11×8. సరిపోయింది!

సంఖ్య లేని పుస్తకాలు

ఇంతవరకు లెక్కలు చూశాం. ఇప్పుడు మన ప్రాంతానికి సంబంధించిన ముఖ్యమయిన విషయం ఒకటి చెప్పుకోవాలి.

నౌపడలో బండి ఎక్కితే వచ్చే పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తిగారు ఉపాధ్యాయులుగా ఉండేవారు. చుట్టుపక్కల కొండలలో ఉండే సవరల భాష నేర్చుకుని, దాని వ్యాకరణమూ నిఘంటువూ తయారు చేశారు. అవి 1930లలో అచ్చయినాయి. అప్పటికి పుస్తక సంఖ్య అన్న ఆలోచనే పుట్టలేదు. కాబట్టి ఆ పాత ప్రతుల మీద సంఖ్య ఉండదు. ఈనాడు ఎవరైనా వాటిని మళ్లీ ప్రచురిస్తే ఆ కొత్త ముద్రణకు సంఖ్య తీసుకోవచ్చు.

శ్రీకాకుళం పట్టణంలో 1997లో ప్రసిద్ధ కథకులు కాళీపట్నం రామారావుగారు 'కథానిలయం' నెలకొల్పారు. తెలుగు కథలు అచ్చయిన పుస్తకాలూ పత్రికలూ వెతికి వెతికి అక్కడ చేర్చారు. 1970కి ముందే ఆగిపోయిన పత్రికల మీద ఏ సంఖ్యా అచ్చయి ఉండదు గదా. వాటిని యంత్రం గుర్తించలేదు. పేరు, ఊరు, సంవత్సరం, సంచిక చూసి మనుషులే ఓపికగా పోల్చుకోవాలి.

పాతవాటి సంగతి సరే. ఈనాడు కూడా తెలుగులో ఎన్నో పుస్తకాలు సంఖ్య లేకుండానే వెలువడుతున్నాయి. ఒక ఊరి చరిత్ర రాసినాయన, మత్స్యకారుల పాటలు సేకరించిన టీచరమ్మ, తమ డబ్బుతో మూడువందల ప్రతులు వేసుకుని బంధువులకూ స్నేహితులకూ పంచుతారు. పదేళ్ల తరువాత ఆ పుస్తకం కావాలని ఎక్కడో హైదరాబాదులోనో, అమెరికాలోనో ఒకరు కంప్యూటరులో వెతుకుతారు. సంఖ్య లేదు కాబట్టి అది చాలా జాబితాలలోకి ఎక్కనే లేదు. పుస్తకం ఎవరి బీరువాలోనో ఉన్నది. కాని వెతికేవారికి అది లేనట్లే.

దీనికి డబ్బు ఖర్చవుతుందా? మన దేశంలో అవదు! 1985 నుంచి ఢిల్లీలో ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఈ సంఖ్యలను ఉచితంగా ఇస్తున్నది. ప్రచురణ సంస్థే కానక్కరలేదు, పుస్తకం తామే వేసుకునే రచయిత కూడా అడగవచ్చు. తెలియకపోవడం వల్లనే చాలామంది తీసుకోవడం లేదు.

అయితే ఈ సంఖ్య గురించి కొన్ని అపోహలు ఉన్నాయి. సంఖ్య ఉన్నంత మాత్రాన పుస్తకం గొప్పదని కాదు. ప్రభుత్వం ఆమోదించిందనీ కాదు. రచయిత హక్కుకు అది రక్షణ కూడా కాదు, దానికి వేరే చట్టం ఉన్నది. సంఖ్య చెప్పేది ఒక్కటే: "ఈ పుస్తకం ఇదీ, మరొకటి కాదు."

ఇంకొక విషయం. వెయ్యి ప్రతులు అచ్చయితే వెయ్యింటికీ సంఖ్య ఒకటే. అందుకే మీ బడి లైబ్రరీలో ప్రతి ప్రతికీ మళ్లీ ఒక నెంబరు వేసి రిజిస్టరులో రాస్తారు. ఆ నెంబరు మీ బడి ప్రతిది. అట్ట మీది సంఖ్య ఆ పుస్తకానిది.

మీరే చేసి చూడండి

తేమగాలికి ఒక పాత పుస్తకం అట్ట పాడయి, సంఖ్యలో ఒక అంకె చెరిగిపోయింది. మిగిలినవి ఇలా ఉన్నాయి: 81-7371-1?6-1. చెరిగిన అంకె మీకిప్పుడు తెలుసు. తెలియదనుకుని లెక్కతో కనుక్కోండి. మిగిలిన అంకెలను వాటి బరువులతో గుణించి కూడితే 230 వస్తుంది. చెరిగిన అంకె బరువు 3. దానిని మూడు రెట్లు చేసి 230కి కలిపితే 11తో భాగింపబడాలి. 0 నుంచి 9 దాకా ఒక్కొక్క అంకె పెట్టి చూడండి. ఒక్కటి మాత్రమే సరిపోతుంది. అంటే తనిఖీ అంకె తప్పును పట్టడమే కాదు, పోయిన ఒక అంకెను తిరిగి తెచ్చి ఇస్తుంది కూడా!

తరువాత మీ బడి లైబ్రరీలో పది తెలుగు పుస్తకాలు తీసి చూడండి. ఎన్నింటికి సంఖ్య ఉన్నది? ఎన్నింటికి లేదు? ఉన్నవాటిని లెక్క కట్టి తనిఖీ చేయండి. ఎక్కడైనా సరిపోకపోతే ముందు మీ లెక్క మళ్లీ చూసుకోండి. అప్పటికీ సరిపోకపోతే అచ్చులోనే తప్పు పడిందన్నమాట. మీ మాస్టారుకు చూపించండి. మీ ఊళ్లో ఎవరైనా పుస్తకం అచ్చు వేయబోతున్నారని తెలిస్తే, ప్రెస్సుకు పంపేముందే సంఖ్య తీసుకొమ్మని వారికి చెప్పండి.